మగ్గానికి ఎంతమంది చూపరులు కావాలి?

తెలంగాణ చేనేత, జౌళి శాఖ మంత్రి గారికి,



ఏటా ఆగస్టు 7 దగ్గరపడుతుంటే మా ఫోన్లన్నీ చేనేతతో నిండిపోతాయి. కలెక్టర్లు, సినిమా తారలు, బడి పంతుళ్లు, అన్ని పార్టీల కార్యకర్తలు ఇక్కత్ కట్టుకుని ఫోటోలు పెడతారు. వాటి కింద హ్యాష్‌ట్యాగులు. 1905లో అదే రోజున కలకత్తా టౌన్‌హాల్లో మొదలైన స్వదేశీ ఉద్యమానికి గుర్తుగా 2015 నుంచి జాతీయ చేనేత దినోత్సవం చేసుకుంటున్నాం, సంతోషమే. కానీ మర్నాడు పొద్దున పుట్టపాకలోనో, కొయ్యలగూడెంలోనో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషికి ఆ ఫోటోల వల్ల ఏం ఒరిగిందో ఎవరూ అడగరు. అది అడుగుదామనే ఈ ఉత్తరం.

నేను నేతింట పుట్టాను, నేత నేర్వలేదు. హైదరాబాదులో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబుల్లో కంపెనీల ప్రకటనలు నడిపే పని చేసుకుంటున్నాను. సబ్బులు, కోచింగ్ సెంటర్లు, అపార్ట్‌మెంట్లు, పళ్ల డాక్టర్లు... ఎవరు డబ్బు పెడితే వారి సరుకు అమ్మిపెడతాను. కాబట్టి సోషల్ మీడియాతో వ్యాపారానికి లాభం లేదని చెప్పే మనిషిని కాను. ఆ లాభం మీ శాఖ వెతుకుతున్న చోట లేదని మాత్రం చెప్పగలను.

సబ్బు కంపెనీ వీడియో ఒకటి వైరల్ అయిందనుకోండి, ఫ్యాక్టరీలో ఇంకో షిఫ్టు వేస్తారు. డబుల్ ఇక్కత్ చీర సంగతి మీకు తెలుసు. గ్రాఫ్ కాగితం మీద డిజైన్ వేయాలి. నూలును మేకుల చుట్టూ తిప్పుతూ ఆసు పోయాలి. గుర్తులు పెట్టిన చోటల్లా సైకిల్ ట్యూబు రబ్బరుతో చిటికి కట్టాలి. రంగులో ముంచాలి, ఆరబెట్టాలి, కొన్ని ముడులు విప్పి ఇంకొన్ని కట్టి మళ్లీ ముంచాలి. పడుగుకూ పేకకూ ఇంతే. అప్పుడుగానీ మగ్గం ఎక్కదు. ఒక్క ఆసుకే చీరకు తొమ్మిది వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది. ఆ యంత్రం మా అమ్మలాంటి వాళ్ల భుజాలను కాపాడింది. ముడులు కట్టే పనీ, నేసే పనీ మాత్రం ఇప్పటికీ చేతులవే. ఇంత చేస్తే ఒక వార్పుకు, అంటే ఒకసారి మగ్గం ఎక్కించిన పడుగుకు, ఒకే డిజైన్‌లో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని చీరలు దిగుతాయి. మళ్లీ అదే డిజైన్ కావాలంటే మళ్లీ మొదటి నుంచి.

ఇప్పుడు అలాంటి చీర ఫోటో లక్షమంది చూశారనుకుందాం. వందలమంది ధర అడుగుతారు. ఉన్నవి అయిదు. అయిదుగురికి దొరుకుతాయి, మిగిలినవాళ్లకు 'అయిపోయినవి మేడమ్' అని జవాబు పెట్టాలి. ఆ జవాబు పెట్టే తీరిక కూడా ఉండదు గనుక వాళ్లు ఇంకోచోట వెతుక్కుంటారు. వెతికితే ఏం దొరుకుతుంది? అదే డిజైన్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించి మిల్లు బట్ట మీద అచ్చేసిన చీర, అన్ని రంగుల్లో, ఎన్ని కావాలంటే అన్ని, ఏ ఏడెనిమిది వందలకో. పేరు పోచంపల్లి ఇక్కత్ అనే ఉంటుంది. రాత్రి లైవ్ పెట్టి గంటలో వంద అమ్మేవాళ్లను మీ ఇంట్లో ఆడవాళ్లూ చూసే ఉంటారు. వాళ్ల మాట చాకచక్యం గొప్పది, దానికి నాకూ ముచ్చటే. అయితే మన ప్రచారం ఇక్కత్ మీద పుట్టించిన ఇష్టాన్ని సొమ్ము చేసుకునేది, సరుకు నిల్వ పెట్టుకోగలిగిన ఆ ప్రింటు వ్యాపారే. గిరాకీ పెంచింది మనం, గల్లాపెట్టె నిండింది వాళ్లది. ఫోన్‌లో వీడియోలు వరసపెట్టే లెక్కకు నేసిన గీతకూ అచ్చేసిన గీతకూ తేడా తెలియదు. ఎక్కువమంది ఆగి చూసేదాన్నే అది ఇంకా ఎక్కువమందికి చూపిస్తుంది.

అందుకే చేనేత వరకు ఎంతమంది చూశారన్న లెక్క దండగ అంటున్నాను. మగ్గం వేగం పెరగదు. పెరగని సరుకుకు లక్షమంది చూపరుల కంటే, 'రెండు నెలలు పట్టినా ఫర్వాలేదు, నాకు ఈ రంగులో నేసిపెట్టు' అని అడ్వాన్సు పంపే వందమంది విలువైనవాళ్లు. ఆ వందమందిని వెతికిపెట్టడంలో సోషల్ మీడియాను మించిన సాధనం చేనేత చరిత్రలో లేదు. అమెరికాలో డల్లాస్‌లో ఉన్న తెలుగామె, బెంగళూరులో ఉన్న డాక్టరమ్మ, విజయవాడలో కూతురి పెళ్లికి చీరలు వెతుకుతున్న తల్లి... వీళ్లు ఎవరూ మన ఊరి చేనేత సహకార సంఘం గుమ్మం తొక్కరు. ఫోన్‌లో మాత్రం రోజూ ఎదురవుతారు.

కొంచెం డబ్బు లెక్క చెప్తాను, ఊహించి వేసిన లెక్కే. పన్నెండు వేల చీర. నూలు, రంగు, మజూరీ అన్నీ పోను అమ్మినవాడికి రెండు వేలు మిగులుతాయనుకుందాం. ప్రకటనలకు ఆరు వేలు పెడితే నూటయాభై మంది మెసేజ్ చేశారు, వాళ్లలో అయిదుగురు కొన్నారు. అంటే ఒక్కొక్కరిని తెచ్చుకోవడానికి పన్నెండు వందలు ఖర్చయింది. మిగిలింది ఎనిమిది వందలు. అందులో కొరియర్, ప్యాకింగ్, ఒక చీర వెనక్కి వస్తే దాని నష్టం. మొదటి చీర మీద లాభం లేదనే అనుకోవాలి. సరిగ్గా ఇక్కడే చాలామంది నేతన్నల పిల్లలు 'ఈ ఆన్‌లైను మనకు పడదు' అని మానేస్తారు. కానీ ఆ అయిదుగురిలో ఇద్దరు దసరాకు ఇంకో చీర కొని, ఒకరు తన వదినకు నంబరు ఇచ్చి ఆమె చేతా ఒకటి కొనిపించారనుకోండి. ఆ మూడు చీరల మీద పన్నెండు వందల ఖర్చు లేదు. వ్యాపారం బతికేది అక్కడ, రెండో చీర దగ్గర. మా కంపెనీల్లో జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకునేది ఈ రెండోసారి లెక్క చూడ్డానికే.

ఇంకో సంగతి షాపులది. పెద్ద షాపులకు ఉద్దెర మీద చీరలు ఇస్తే డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది. ఆ నెలల వడ్డీ ఎవరు మోస్తున్నారో చేనేత వాడల్లో తిరిగిన ఎవరికైనా తెలుసు. పట్టు కొనడానికి పెట్టుబడి లేకే ఎంతోమంది సొంత మగ్గం ఉండి కూడా సావుకారు ఇచ్చిన నూలుకు కూలి నేస్తున్నారు. కొనే మనిషే సగం డబ్బు ముందు పంపితే ఆ పట్టు వాళ్ల డబ్బుతోనే వస్తుంది. లైకుల కంటే, ఫాలోవర్ల కంటే నేను దీన్నే పెద్ద లాభం అంటాను. ముందే అమ్ముడుపోయిన వార్పు మగ్గం ఎక్కడమనేది మా నాన్నల కాలంలో ఎవరో ఒకరిద్దరు పేరున్న పనివాళ్లకే సాధ్యమయ్యేది.

అయితే ఎవరు ముందు డబ్బు పంపుతారు? నమ్మినవాళ్లు. ఆ నమ్మకానికి కావలసినవి చాలా చిన్న పనులు. చీరను మధ్యాహ్నం నీడలో, ఫిల్టరు లేకుండా ఫోటో తీయడం. ట్యూబ్‌లైటు కింద తీస్తే ముదురు ఎరుపు గులాబీగా కనిపించి ఇంటికెళ్లాక గొడవ. ధర దాచకుండా కిందే రాయడం. 'ధరకు ఇన్‌బాక్స్‌కి రండి' అనే అలవాటు ఎవరు మొదలుపెట్టారో గాని, దానివల్ల పోయిన బేరాలు ఇన్నీ అన్నీ కావు. చీరను తిరగేసి పది సెకన్లు చూపించడం, ఎందుకంటే నిజమైన ఇక్కత్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, గీతల అంచులు కొంచెం ఊగినట్టు ఉంటాయి. ప్రింటు చీరకు వెనకవైపు వెలవెలబోతుంది, అంచులు గీసినట్టు ఉంటాయి. చిటికి కట్టే చేతుల్ని వీడియో తీస్తే దాన్ని మించిన ప్రకటన నా ఆఫీసులో ఎవరూ చేయలేరు. ఇక వార్పు ఆలస్యమైతే ఆలస్యమైందని ముందే చెప్పడం. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు, ఓపికతో కూడినవి.

ఆ ఓపిక గుంటలో కూర్చున్న మనిషికి ఎక్కడిది? పొద్దంతా నేసి, రాత్రి పదకొండుకు కాలిఫోర్నియా ప్రశ్నలకు జవాబులు పెట్టమంటే అది అన్యాయం. 'ప్రతి నేత కార్మికుడూ ఆన్‌లైన్ వ్యాపారి కావాలి' అని సభల్లో వింటుంటాను. వినడానికి బాగుంటుంది, జరిగేది కాదు. ఒక్క రోజు శిక్షణ, ఒక సంచీ, ఒక సర్టిఫికెట్, గ్రూపు ఫోటో... దాంతో ఎవరికీ అమ్మకం రాదు. కావలసింది ఇరవై ముప్ఫై మగ్గాలకు కలిపి జీతం మీద ఒక మనిషి. చేనేత వాడల్లో డిగ్రీ చదివి హైదరాబాదులో కాల్‌సెంటర్ బస్సు ఎక్కుతున్న ఆడపిల్లలు కావలసినంతమంది ఉన్నారు. చీర పేరు, నూలు కౌంటు, రంగు పేరు వాళ్లకు పుట్టుకతో తెలుసు. కాల్‌సెంటర్‌లో చేసే పనినే వాళ్లు సొంత ఊళ్లో, సొంత సరుకుకు చేస్తారు. 2024లో కొండా లక్ష్మణ్ బాపూజీ గారి పేరుతో మన రాష్ట్రంలో చేనేత సాంకేతిక సంస్థ మొదలైంది. నేతనూ, రంగులనూ నేర్పే చోట అమ్మకాన్ని కూడా ఒక పాఠంగా పెట్టించవచ్చు.

మంత్రి గారూ, కొనేవాళ్ల నంబర్ల జాబితా సంగతి కూడా చెప్పాలి. పోస్టు ఎంతమందికి చేరాలో పోస్టు పెట్టినవాడి చేతిలో లేదు. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన ఫీడ్‌ను మార్చి, వ్యాపార పేజీల కంటే బంధుమిత్రుల పోస్టులకే ముందు చోటిస్తామని ప్రకటించింది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను మన దేశంలో నిషేధించారు. నిషేధం సరైనదా కాదా అన్నది వేరే మాట. అక్కడ లక్షల్లో ఫాలోవర్లను కూడబెట్టుకున్న చిన్న వ్యాపారులకు ఆ లక్షల్లో ఒక్కరి నంబరు కూడా మిగల్లేదు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒక్కసారే ఆరేడు గంటలు ఆగిపోయాయి, అవి మూడూ ఒకే కంపెనీవి కాబట్టి. ఆ కంపెనీ రాబడిలో దాదాపు అంతా ప్రకటనలదే. ఉచితంగా చూపిస్తే దానికేం వస్తుంది? ఇది ఫిర్యాదు కాదు, నా జీతం కూడా ఆ డబ్బులోంచి వచ్చేదే. ఆ వేదికల మీద పరిచయమైన మనిషి పేరు, ఫోన్ నంబరు, ఏ రంగు ఇష్టం, ఏ నెలలో కొంటారు అన్నవి సంఘం పుస్తకంలోకి ఎక్కకపోతే ఆ పరిచయం వాళ్ల ఆస్తే తప్ప మనది కాదు.

వాట్సాప్‌లో ఒక బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికి మించి పట్టరు. పైగా మన నంబరును వాళ్లు తమ ఫోన్‌లో సేవ్ చేసుకుంటేనే మెసేజ్ చేరుతుంది. మా వృత్తిలోవాళ్లు ఈ నియమాన్ని తిట్టుకుంటారు. నాకైతే చేనేత కోసమే పెట్టినట్టు అనిపిస్తుంది. డబుల్ ఇక్కత్ నేసే ఒక మగ్గం ఏడాదంతా ఆగకుండా ఆడినా ఆ 256 మందికి తలా ఒక చీర ఇవ్వలేదు. అంటే ఒక్క మగ్గానికి ఒక్క జాబితా ఎక్కువే. ఆ జాబితా ఎక్కడ మొదలుపెట్టాలంటారా? పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. వచ్చి మగ్గాలు చూసి, చీర కొని వెళ్లే వాళ్లలో ఇష్టపడినవారి నంబర్లు రాసుకునే పుస్తకం ఒకటి ప్రతి సంఘం బల్ల మీదా ఉంటే చాలు, కొత్త ప్రకటన అక్కర్లేకుండానే జాబితా మొదలవుతుంది.

ఇక ప్రింటు చీరల దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే ఇది మీరు తప్ప ఎవరూ చేయలేని పని. చేనేతకు కొన్ని రకాల బట్టలను కేటాయిస్తూ 1985లోనే చట్టం వచ్చింది. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఆ గుర్తింపును దొంగిలించి అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా అని చట్టంలో ఉంది. 2006 నుంచి హ్యాండ్‌లూమ్ మార్కు ఉంది. ఇన్ని ఉండి, పవర్‌లూమ్ షెడ్డుకు వెళ్లి తనిఖీ చేసే అధికారి ఉన్నాడు గాని, రాత్రి తొమ్మిదింటికి లైవ్ చూసి 'ఇది ఇక్కత్ కాదు' అని నోటీసు పంపే అధికారి లేడు. దొంగ సరుకు ఇప్పుడు తెర మీద కూడా జోరుగా అమ్ముడవుతోంది. అమ్మేవాళ్ల పేరు, నంబరు, ధర అన్నీ ఆ తెర మీదే కనిపిస్తుంటాయి, గోడ దూకి పట్టుకోవలసిన పని కూడా లేదు. ప్రింటు అమ్మడం నేరం కాదు, అమ్ముకోనివ్వండి, ఇక్కత్ ప్రింటు అని చెప్పి అమ్మమనండి. నెలకు కొన్ని లింకుల మీదైనా గట్టి చర్య తీసుకుంటే, మీ ప్రచారానికి పెట్టే ఖర్చు కంటే అదే మగ్గాలకు ఎక్కువ చేస్తుంది.

సెలబ్రిటీల మాట ఒకటి చెప్పి వదిలేస్తాను. 2017లో నటి సమంత తెలంగాణ చేనేత ప్రచారానికి ముందుకొచ్చినప్పుడు మా ఇళ్లల్లో అందరం సంతోషపడ్డాం. పేరున్నవాళ్లు కడితే నలుగురి కళ్లూ అటు తిరుగుతాయి, ఆ విలువను నేను తక్కువ చేయను. కాకపోతే తిరిగిన కళ్లకు కొనే దారి చూపించాలి. చీర ఎవరు నేశారో, ఏ ఊళ్లో దొరుకుతుందో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో ఆ ఫోటో కిందే రాయాలి. ఇప్పటి ఇన్‌ఫ్లుయెన్సర్లతో శాఖ డబ్బిచ్చి వీడియోలు చేయిస్తే, అది ప్రకటన అని చెప్పి తీరాలని 2021లో ప్రకటనల ప్రమాణాల మండలి, 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ నియమాలు పెట్టాయి. సర్కారే వాటిని పాటించకపోతే ఎలా?

విదేశాల్లో ఉన్న మనవాళ్ల సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పక తప్పదు. ముందు డబ్బు పంపి ఓపికగా ఆగేవాళ్లు ఎక్కువగా అక్కడే ఉన్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో చీర చూసి, వాట్సాప్‌లో మాట్లాడి, ఇక్కడి అన్నకో అక్కకో డబ్బు పంపి, వాళ్ల చేత కట్టించి తెప్పించుకునేవారు. అయితే 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి అమెరికా ఎత్తేసింది. ఆ గందరగోళంలో మన తపాలా శాఖ కూడా ఆగస్టు 25 నుంచి అక్కడికి చాలా రకాల పార్సిళ్లు తీసుకోవడం ఆపేసి, అక్టోబరు మధ్యలో మళ్లీ మొదలుపెట్టింది. సరిగ్గా బతుకమ్మ, దసరా చీరలు పోవలసిన రోజులు అవి. చీర మీద ఎంత సుంకం పడుతుంది, ఎవరు కట్టాలి, పార్సిల్ మీద ఏమని రాయాలి అన్నది అమ్మేవాళ్లకూ తెలియదు, కొనేవాళ్లకూ తెలియదు. ఫోన్‌లో కుదిరిన బేరం పోస్టాఫీసు కిటికీ దగ్గర తెగిపోయిందంటే దానికి పెట్టిన ప్రకటన ఖర్చంతా నీళ్లపాలే. ఈ వివరాలు ఒక్క పేజీలో తెలుగులో రాయించి, నియమం మారినప్పుడల్లా మార్చి, సంఘాలకు వాట్సాప్‌లో పంపే పని మీ కమిషనర్ కార్యాలయం ఒక పూటలో చేయగలదు. వీలైతే జిల్లాకు ఒక చోట విదేశీ పార్సిళ్లను కలిపి పంపే ఏర్పాటు కూడా.

ఇవన్నీ ఒకేసారి చేయమని నేను అడగడం లేదు. వచ్చే ఏడాదికి రెండు మూడు సంఘాలను ఎంచుకోండి. ఒకటి పట్టు నేసేది, ఒకటి నూలు నేసేది ఉంటే మంచిది, ఎందుకంటే పదిహేను వందల నూలు చీరకు లెక్క వేరేగా ఉంటుంది, ప్రకటన ఖర్చు దానికి బరువవుతుంది, షాపే మేలని తేలినా తేలవచ్చు. అక్కడ ఒక్కో మనిషిని జీతం మీద పెట్టండి. శాఖ హోర్డింగులకు పెట్టే డబ్బులోంచి ఆ జీతం ఇవ్వండి. వాళ్లను ఫాలోవర్ల సంఖ్య అడగవద్దని మీ అధికారులకు చెప్పండి. అడిగితే వాళ్లు నవ్వుల వీడియోలు, డ్యాన్సు వీడియోలు పెట్టి ఆ సంఖ్య తెచ్చి చూపిస్తారు. నేనైనా అదే చేస్తాను.

వచ్చే ఆగస్టు 7 సభలో మీరు శాఖ సాధించిన ప్రగతిని చదువుతారు కదా, అందులో ఆ సంఘాల నుంచి మూడు అంకెలు కూడా చదవండి: రెండోసారి కొన్నవాళ్లు ఎంతమంది, ముందే డబ్బు కట్టించుకుని మగ్గం ఎక్కించిన వార్పులు ఎన్ని, పోయినేటితో పోలిస్తే ఒక్కో చీర మీద నేసినవాడి చేతికి ఎంత ఎక్కువ వచ్చింది. మూడోది సున్నా అయితే సున్నా అనే చదవండి. నా వృత్తి లెక్కలు తప్పాయని నేనే పత్రికకు రాస్తాను.

ఇట్లు,
సంస్థాన్ నారాయణపురం మండలంలో నేతింట పుట్టి,
హైదరాబాదులో ప్రకటనల పని చేసుకునే ఒకడు